మా పిల్లలకు మర్యాద తక్కువేం కాదు

పోయిన నెల నా సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. నా పేరు కింద ‘సర్టిఫైడ్ బిజినెస్ ఎటికెట్ కన్సల్టెంట్’ అని బంగారు రంగు అక్షరాలు. అంటే ఆఫీసుల్లో ఎట్లా నడుచుకోవాలో, ఎట్లా మాట్లాడాలో నేర్పే మనిషిని. అదే కవరులో ఆఖరి పరీక్ష మార్కుల షీటు కూడా ఉంది. 20 నిమిషాలు క్లాసు చెప్పి చూపించాలి, అదే పరీక్ష. నాకు 100కు 82 వచ్చాయి. కింద రిమార్కుల గడిలో ఒక మాట రాశారు: విషయం మీద పట్టు ఉంది, కానీ అక్కడక్కడా తెలంగాణ యాస దొర్లడం వల్ల చెప్పే మాటకు బరువు తగ్గుతోంది, సరిదిద్దుకోవాలి.

రెండు రోజులు కోపంగా ఉన్నాను. తర్వాత కోపం పోయి టెన్షన్ పట్టుకుంది. రేపటి నుంచి నేను చేయబోయే పని కూడా ఇదే కదా. వరంగల్ చుట్టుపక్కల హసన్‌పర్తి నుంచి, ధర్మసాగర్ నుంచి, ఆత్మకూరు నుంచి బస్సులెక్కి కాలేజీకి వచ్చే పిల్లల ముందు నిలబడి, నీ నడక ఇట్లా ఉంది, నీ మాట అట్లా ఉంది అని రిమార్కులు రాయడమే కదా. వాళ్ళకు ఏం నేర్పాలో, ఏం నేర్పకూడదో తేల్చుకోకుండా నేను క్లాసులో అడుగు పెట్టలేను. ఈ పోస్టు అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మర్యాద నేర్పడానికి బయల్దేరిన మాలాంటి వాళ్ళం, ఈ జిల్లాల పిల్లలకు మర్యాద తెలియదనే లెక్కతోనే మొదలుపెడుతున్నాం. ఆ లెక్క తప్పు. వాళ్ళ దగ్గర మర్యాద కావలసినదానికంటే ఎక్కువే ఉంది. లేనిదల్లా ఎదుటి మనిషితో సమానంగా నిలబడి మాట్లాడే అలవాటు. ఈ రెండింటికీ తేడా తెలియని కన్సల్టెంట్, ఎన్ని సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్నా, పిల్లల నడుము ఇంకొంచెం వంచి పంపిస్తారు.

సర్టిఫికెట్ సంగతి

ఈ కోర్సు చేయాలా వద్దా అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి ఇది క్లుప్తంగా. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 నాటి చట్టం ఉంది. వకీళ్ళకు 1961 అడ్వకేట్స్ చట్టం, బార్ కౌన్సిల్ ఉన్నాయి. ఎటికెట్ కన్సల్టెంట్లకు అలాంటివేమీ లేవు. ఇక్కడ సర్టిఫైడ్ అంటే, ఫీజు తీసుకుని నేర్పిన సంస్థే మనకు ఒక కాగితం ఇచ్చిందని అర్థం. అమెరికాలో కూడా అంతే. డొరోథియా జాన్సన్ 1988లో పెట్టిన ప్రోటోకాల్ స్కూల్ ఆఫ్ వాషింగ్టన్ లాంటి చోట చేస్తే ఆ కాగితానికి విలువ ఎక్కువ, కానీ ఆ విలువ ఆ స్కూలు సంపాదించుకున్న పేరుది.

నేను చేసింది అంత పెద్ద చోట కాదు. 8 ఆదివారాలు ఆన్‌లైన్ క్లాసులు, చివర్లో 3 రోజులు హైదరాబాద్‌లో ఒక హోటల్లో. ఉప్పల్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి రోజూ మెట్రోలో హైటెక్ సిటీకి వెళ్ళొచ్చాను. ఫీజు నా 3 నెలల జీతం. దండగ అయిందా అంటే, కాలేదు.

ఎందుకు కాలేదో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇద్దరిని ఒకరికొకరిని పరిచయం చేసేటప్పుడు, ఎవరికి ఎక్కువ గౌరవం ఇవ్వాలో వాళ్ళ పేరు ముందు పలకాలి. ఆఫీసులో దీనికి వయసు అడ్డం రాదు, ఆడా మగా అన్నది అడ్డం రాదు, హోదానే లెక్క. కానీ కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడు కంపెనీ ఎండీ కంటే కూడా కస్టమరే పెద్ద. అంటే ముందు కస్టమర్ పేరు పలికి, తర్వాత మా ఎండీ గారు అని చెప్పాలి. ఆన్‌లైన్ క్లాసులో ఈ నియమం విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఫ్రంట్ ఆఫీసులో 11 ఏళ్ళు పనిచేశాను. పేషెంటు తాలూకు మనిషిని డాక్టర్ గారి గదిలోకి ఎన్ని వందల సార్లు తీసుకెళ్ళి ఉంటానో. ఒక్కసారి కూడా ఆ మనిషి పేరు ముందు పలకలేదు. అసలు పేరే పలకలేదు. “సార్, ఐసీయూ నాలుగో బెడ్ అటెండర్” అనేదాన్ని. ఆ మనిషికి ఒక పేరుందనీ, ఆ గదిలో పేరు ముందు రావలసింది తనదేననీ నాకు చెప్పింది ఈ కోర్సే. ఆ రుణం నేను మర్చిపోను.

కౌంటర్ దగ్గర ఒక రాత్రి

నేను ఈ దారి పట్టడానికి కూడా ఆ ఆస్పత్రే కారణం. చివరి నాలుగేళ్ళు నేను ఫ్రంట్ ఆఫీస్ ఇన్‌చార్జిని. ఒకసారి మేనేజ్‌మెంట్ బయటి నుంచి ఒక ట్రైనర్‌ను పిలిపించి మాకు రెండు రోజుల క్లాసు పెట్టించింది. ఆయన మంచాయనే. మనిషి రాగానే తలెత్తి చూడండి, ఫోన్ పక్కన పెట్టండి, పేరు అడిగి పిలవండి అని చెప్పాడు. అవన్నీ పనికొచ్చాయి. చివర్లో ఒక స్క్రిప్టు ఇచ్చాడు. బిల్లు కట్టి వెళ్ళే ప్రతి ఒక్కరికీ నవ్వుతూ, “థాంక్యూ అండి, హ్యావ్ ఎ గుడ్ డే” అనాలి. నేనే దాన్ని లామినేషన్ చేయించి కౌంటర్ అద్దం కింద పెట్టాను. ఎవరు అంటున్నారు, ఎవరు అనడం లేదు అని రోజూ టిక్కులు పెట్టిందీ నేనే.

వానాకాలం. రాత్రి ఎనిమిది దాటింది. పరకాల వైపు నుంచి ఒకాయన, యాభై ఏళ్ళుంటాయేమో, భుజం మీద తువ్వాల, తడిసిన ధోవతి. మధ్యాహ్నం వాళ్ళమ్మ చనిపోయింది. బిల్లు కడితే గానీ శవాన్ని ఇవ్వరు. పాలిథిన్ కవర్లోంచి నోట్లు తీసి, తడి అంటుకున్నవాటిని ఒక్కొక్కటిగా విడదీసి లెక్కపెడుతున్నాడు. ఐదు వందలవి అయిపోయాక రెండు వందలవి, అవి అయ్యాక వందలు. కౌంటర్లో ఉన్న అమ్మాయిది ఘన్‌పూర్, 22 ఏళ్ళు, పనిలో చేరి ఆరు నెలలైంది. డబ్బు తీసుకుంది, స్టాంపు వేసింది, రసీదు చేతికిచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది. “థాంక్యూ అండి, హ్యావ్ ఎ గుడ్ డే.”

ఆయన రసీదు వైపే చూస్తూ “ఆఁ బిడ్డా” అన్నాడు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయి, కుర్చీ తోసేసి బాత్రూంలోకి పరుగెత్తింది. నేను తలుపు బయట చాలాసేపు నిలబడ్డాను. ఏమని పిలవాలో తెలియలేదు. చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు ‘పోయొస్తం’ అనకూడదని మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పిల్లకూ తెలుసు. ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మర్యాదను నేను ఒక లామినేషన్ కాగితంతో కప్పేశాను.

మర్నాడు కాగితం తీసేశాను. కానీ దాని బదులు ఏం అనాలి? సారీ అనాలా? నమస్తే పెట్టాలా? మా వార్డులో ఒక ఆయా ఉండేది, కాశిబుగ్గ ఆమె, అప్పటికే అరవైకి దగ్గర. నేను అడక్కుండానే చెప్పింది. “అసొంటప్పుడు మాటెందుకు బిడ్డా. కుర్చీలకెల్లి లేవాలె. కాయితం రెండు చేతులతోటి ఇయ్యాలె. గంతే.”

ఆ రోజు నుంచి మా కౌంటర్లో అదే రూలు. నేను ఉద్యోగం మానేసే దాకా ఒక్కరు కూడా తప్పలేదు. టిక్కులు పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

ఫోర్కును నేను తక్కువగా చూశాను

ఇప్పుడు నా వాదనకు అడ్డం వచ్చే సంగతులు చెప్పాలి. మొదటిది ఫోర్కు.

హైదరాబాద్‌లో రెండో రోజంతా భోజనం పాఠమే. బ్రెడ్ ప్లేటు ఎడమవైపుది మనది, నీళ్ళ గ్లాసు కుడివైపుది మనది. ఫోర్కులు, కత్తులు బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రావాలి. తినడం అయిపోయిందని చెప్పాలంటే, ప్లేటును గడియారం అనుకుని కత్తి, ఫోర్కు రెండూ కలిపి నాలుగూ ఇరవై దగ్గర ముల్లు ఉన్నట్టు పెట్టాలి. విస్తరి మడిచినట్టే ఇదీ ఒక సైగ. నాకు అదంతా ఉన్నవాళ్ళ ఆటలాగా అనిపించింది. మా పిల్లలకు దీంతో పనేముంది, దీని మీద ఒక్క నిమిషం కూడా ఖర్చు పెట్టను అని నోట్సులో రాసుకున్నాను కూడా.

తిరిగొచ్చాక కాలేజీలో ఒక అమ్మాయితో ఈ మాట అన్నాను. నర్సంపేట దగ్గరి ఊరు, ఫైనల్ ఇయర్. ఎండాకాలంలో హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ చేసింది. మొదటి వారంలోనే టీమంతా కలిసి లంచ్‌కు తీసుకెళ్ళారట. ఎదురుగా రెండు ఫోర్కులు, రెండు కత్తులు, గుడ్డ రుమాలు. ఏది ఎప్పుడు తీయాలో తెలియక, ఆకలి లేదని చెప్పి ఒక నిమ్మకాయ సోడా పెట్టుకుని గంటసేపు కూర్చుంది. నాలుగింటికి హాస్టల్‌కు వచ్చి బిస్కెట్లు తిన్నది. చెప్పి, నా వైపు సూటిగా చూసింది. “మేడం, మీరు ముందు ఫోర్కే నేర్పండి. మర్యాద మా అమ్మ నేర్పింది. ఫోర్కు మా అమ్మకు తెల్వదు.”

నోట్సులో రాసుకున్నది ఆ సాయంత్రమే కొట్టేశాను. ఎటికెట్, టికెట్ రెండూ ఒకే ఫ్రెంచి మాట నుంచి పుట్టినవి. ఆ మాటకు చీటీ అని అర్థం. చీటీ చేతిలో ఉన్నవాడు చీటీ గురించి ఆలోచించడు. గేటు బయట నిలబడ్డవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. లోపలికి వెళ్ళి పదకొండేళ్ళు ఏసీలో కూర్చున్నదాన్ని, నేను అది మరిచిపోయాను.

కానీ ఆ లంచ్ గురించి ఆలోచించే కొద్దీ ఇంకో సంగతి గుచ్చుకుంటోంది. ఆ రోజు మర్యాద తప్పింది ఎవరు? ఆ టేబుల్ దగ్గర ఎనిమిది మంది ఉన్నారు. ఒక కొత్త పిల్ల ఏమీ తినకుండా కూర్చుంటే ఒక్కరు కూడా తమ ఫోర్కు పక్కన పెట్టి రొట్టె చేత్తో తుంచుకోలేదు. పిలిచినవాళ్ళు అతిథిని ఇబ్బంది పడనీయకూడదన్నది ఎటికెట్‌లో మొదటి పాఠం, ఆ మాట మా మెటీరియల్‌లో కూడా ఉంది. అతిథి ఎట్లా కూర్చోవాలి, ఎట్లా తినాలి అన్నదానికి మూడు గంటలు పట్టింది. పిలిచినవాళ్ళ బాధ్యతకు 20 నిమిషాలు పట్టింది. నేను గడియారం చూసి రాసుకున్న లెక్క ఇది. కింద ఉన్నవాళ్ళు మారాలి, పైన ఉన్నవాళ్ళు మార్కులు వేస్తారు. మొత్తం శిక్షణ ఈ వాలులోనే కారుతోంది.

వంగిన వాక్యాలు

ఒక పిల్లవాడు కంపెనీ హెచ్‌ఆర్‌కు రాసిన మెయిల్ చూపించి, బాగుందా అని అడిగాడు. ఆరు లైన్లు. అందులో ‘రెస్పెక్టెడ్ సార్’ మూడుసార్లు, ‘కైండ్లీ’ రెండుసార్లు, డిస్టర్బ్ చేసినందుకు క్షమించమని ఒకసారి. ఆఖరి లైన్లో విషయం: ఇంటర్వ్యూ తేదీ మారిందంటున్నారు, కొత్త తేదీ ఏది? తేదీ మార్చింది కంపెనీ. క్షమించమన్నది పిల్లవాడు.

వాడిని ఏమని తప్పు పడతాం? బడిలో మనం నేర్పిన మొదటి ఉత్తరమే ‘ఇట్లు తమ విధేయుడైన విద్యార్థి’ అని ముగుస్తుంది. జ్వరం వచ్చినా విధేయుడే, అక్క పెళ్ళి అయినా విధేయుడే. పదేళ్ళు అట్లా రాయించి, ఇరవై ఏళ్ళు రాగానే కాన్ఫిడెన్స్ లేదని రిమార్కు రాస్తున్నాం.

దీని వేరు బడికంటే కిందికి ఉంది. మాది జనగామ వైపు ఊరు. దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడి ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళమని మా తాత చెప్పేవాడు. దొర ఎదురుపడితే ‘బాంచెన్, నీ కాల్మొక్త’, అంటే నీ బానిసను, నీ కాళ్ళు మొక్కుతా అనడమే ఆ రోజుల్లో మర్యాద. అదీ ఎటికెటే. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు కూర్చోకూడదు, ఏ మాటతో మొదలుపెట్టాలి అన్న రూళ్ళన్నీ అందులో ఉన్నాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి తన పంట తాను ఇంటికి తెచ్చుకుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఒక్క మాట నాలుక మీద నుంచి దిగడానికి ఇంత ధర కట్టిన నేల ఇది. ఇక్కడి పిల్లలకు మర్యాద పేరుతో ఏం చెప్పినా, అది మళ్ళీ ఆ మాటగా మారకుండా చూసుకోవడం నా పని అనుకుంటాను.

అందుకే మా క్లాసులో మొదటి వారం రెండే చేయిద్దామనుకుంటున్నాను. ‘నాకు తెలియదు’ అని తల దించకుండా చెప్పడం. ‘అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి’ అని సారీ లేకుండా అడగడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ప్రాక్టీసు కోసం పెట్టే మాక్ ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి చూడండి, నలభై మందిలో నలుగురు చేయగలిగితే గొప్ప.

షేక్‌హ్యాండ్ గురించి కూడా అడుగుతారు. ఆఫీసులో ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా ఎవరైనా ముందు చేయి చాపవచ్చు, అది మంచి రూలే. ఇష్టం లేని అమ్మాయి నమస్తే పెట్టినా ఏం తక్కువ కాదు. నమస్తేలో ఇద్దరి చేతులూ ఒకే ఎత్తులో ఉంటాయి.

తలుపు బయట బూట్లు

నా లెక్కలు అన్నిసార్లూ నిజం కావని కూడా చెప్పాలి. పోయినసారి మాక్ ఇంటర్వ్యూల రోజు, భూపాలపల్లి పిల్లవాడు ఒకడు వచ్చాడు. వాళ్ళ నాన్న సింగరేణిలో కార్మికుడు. గదిలోకి సాక్సులతో వచ్చి నిలబడ్డాడు. నల్లటి కొత్త బూట్లు తలుపు బయట, గోడకు ఆనించి, రెండూ జతగా పెట్టి ఉన్నాయి. ప్యానెల్లో ఇద్దరు నవ్వు ఆపుకున్నారు. గ్రూమింగ్‌కు, అంటే తయారై వచ్చిన తీరుకు, ముగ్గురం కలిసి 10కి 3 వేశాం. నేనూ వేశాను.

ఆ తర్వాత నా మనసంతా మా తాత చెప్పుల చుట్టే తిరిగింది. ఇదిగో, గడి ముందు విప్పిన చెప్పులు మూడు తరాల తర్వాత ప్లేస్‌మెంట్ రూము ముందు తేలాయి అనుకున్నాను. ఈ పోస్టులో రాయడానికి వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. సాయంత్రం వాడు క్యాంటీన్ దగ్గర కనిపిస్తే పిలిచి, ఎందుకు విప్పావురా అని అడిగాను.

“అవ్వ అప్పుడే తుడిచింది మేడం. తడి ఆరలే. తొక్కితే మళ్ళ తుడువాలె గదా ఆమె.”

ఆ పొద్దున ఆ గదిలోకి మేము ముగ్గురం బూట్లతో, చెప్పులతో నడిచి వెళ్ళాం. తడి నేల మా కంట పడనే లేదు. మా షీటులో గ్రూమింగ్ ఉంది, ఐ కాంటాక్ట్ ఉంది, కూర్చునే తీరు ఉంది. తుడిచిన మనిషి కోసం పది రూపాయల సాక్సులు తడుపుకున్నవాడికి మార్కు వేయడానికి గడి లేదు. వాడికి ఇంటర్వ్యూకు బూట్లతోనే వెళ్ళాలని చెప్పాను. చెప్పాలి కూడా, లేకపోతే కంపెనీలో అదే 3 మార్కులు పడతాయి. చెబుతుంటే నాకే కష్టంగా అనిపించింది.

ప్లేస్‌మెంట్ సార్ అడిగిన ప్రశ్న

ఇదంతా మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ సార్‌తో చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఆ సీటులో ఉన్న మనిషి, పిల్లల మీద నిజమైన ప్రేమ ఉన్నవాడు. మొత్తం విని ఇట్లా అన్నాడు.

“వినడానికి బాగుంటది మేడం. మన పిల్లగాడు సూటిగా చూసి మాట్లాడితే వచ్చినోళ్ళు ఏమంటరో తెలుసా? పొగరు అంటరు. కార్ల వచ్చిన పిల్లగాడు అట్లనే మాట్లాడితే కాన్ఫిడెన్స్ అంటరు. ఈ తేడా మీరేం నేర్పి పోగొడతరు? వాడికి ముందు నౌకరి రానీయండి. సార్ అంటే ఏం పోయింది?”

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన చెప్పింది నేను కళ్ళారా చూశాను. పోయిన బ్యాచ్‌లో ఒక పిల్లవాడికి నేనే చెప్పాను, చివర్లో మీరేమైనా అడుగుతారా అంటే తప్పకుండా అడుగు అని. వాడు అడిగాడు. రెండేళ్ళ బాండు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, సర్టిఫికెట్లు మీ దగ్గరే పెట్టుకుంటారా అని. న్యాయమైన ప్రశ్న. ఎదుటివాళ్ళ మొహం మారిందట. సెలెక్ట్ కాలేదు. దానివల్లే కాలేదని చెప్పలేను, ఆ రోజు ఇంకా ముప్పై మంది కాలేదు. కానీ వాడు నాతో, “అడగకుంటే వచ్చేదేమో మేడం” అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ పిల్లవాడి ఉద్యోగంతో నేను ప్రయోగం చేశానా? ఇప్పటికీ అదే ఆలోచిస్తున్నాను. సమానంగా నిలబడు అని చెప్పడం నాకు సులువు, దాని ఖర్చు కట్టేది వాడు. అందుకని ఇప్పుడు కొంచెం మార్చుకున్నాను. సార్ అనొద్దని చెప్పను. వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి చాలు అంటాను. బాండు ప్రశ్న ఇంటర్వ్యూ గదిలో వద్దు, ఆఫర్ చేతికొచ్చాక మెయిల్లో అడగమంటాను. ఎక్కడ వంగాలో చెప్పడం కూడా నా పనే అయిపోయిందని తెలుసు. కానీ వంగుతున్నప్పుడు అది ఎదుటివాళ్ళ మొహం చూసి వంగడమే, నీలో తక్కువేదో ఉండి కాదు అని కూడా ప్రతిసారీ కలిపి చెబుతాను. మా ట్రైనర్లు ఈ రెండో సగం చెప్పడం నేను వినలేదు. మొదటి సగమే నియమంలా చెబుతారు.

యాస దగ్గరికి వస్తే

2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా ఐటీ ఆఫీసులు తెరుచుకున్నప్పుడు ఊరంతా సంబరపడ్డాం. పిల్లలు ఇక హైదరాబాద్ పోనక్కర్లేదు, పొద్దున ఇంట్లో తిని సాయంత్రం ఇంటికే వస్తారు అనుకున్నాం. మడికొండ కవి కాళోజీ పెరిగిన ఊరు. జనం మాట్లాడే భాషే భాష అని జీవితమంతా వాదించిన మనిషి. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ ఊరి ఆఫీసుల్లో ఉద్యోగానికి పోవాలన్నా ముందు యాస దిద్దుకోమనే కోర్సు నా చేతిలో ఉంది.

అవతలివాళ్ళకు అర్థమయ్యేట్టు మాట్లాడాలి, దాన్ని నేను కాదనను. అమెరికాలో ఉన్న క్లయింటుకు ఫోన్ చేసేటప్పుడు మెల్లగా, స్పష్టంగా పలకడం నేర్పాలి. అది ఎదుటివాళ్ళ సౌకర్యం. నా షీటులో రాసింది అది కాదు. అర్థం కాలేదని రాయలేదు, బరువు తగ్గిందని రాశారు. యాస వల్ల మాట బరువు తగ్గుతుందంటే, ఆ యాస మాట్లాడే మనుషుల బరువు ముందే తక్కువగా తూచి పెట్టుకున్నారన్నమాట.

ఆ 20 నిమిషాల క్లాసులో నేను చెప్పింది ఏమిటంటే, ఆస్పత్రి కౌంటర్ కథే. చావు జరిగిన కుటుంబంతో ఫ్రంట్ ఆఫీసు ఎట్లా నడుచుకోవాలి అన్నది నేను ఎంచుకున్న పాఠం. మొత్తం ఇంగ్లిషులోనే చెప్పాను. ఆయా మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. కుర్చీలకెల్లి లేవాలె, కాయితం రెండు చేతులతోటి ఇయ్యాలె, గంతే. దాన్ని ఇంగ్లిషులో పెట్టడం నాకు చేతకాక కాదు, పెట్టబుద్ధి కాలేదు. బరువు తగ్గిందన్నది ఆ వాక్యం దగ్గరే.

ఇంకో సంగతి. మా కోర్సు మొత్తం అమెరికా పద్ధతి. గీసుకొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఫ్యాక్టరీ పెట్టిన యంగ్‌వన్ కొరియా కంపెనీ. కొరియాలో పెద్దవాళ్ళకు ఏ వస్తువు ఇచ్చినా రెండు చేతులతోనే ఇస్తారు. రేపు ఆ ఆఫీసులో కూర్చునే మా పిల్లలకు పనికొచ్చే పాఠం కాశిబుగ్గ ఆయా దగ్గర ఎప్పటి నుంచో ఉంది.

సర్టిఫికెట్ వచ్చాక నా మొదటి బ్యాచ్ సోమవారం నుంచి. 46 మంది పేర్లు ఇచ్చారు. తెలిసిన హోటల్ వాళ్ళను అడిగి 12 జతల ఫోర్కులు, కత్తులు అద్దెకు తెచ్చాను, మొదటి గంట వాటికే. నర్సంపేట అమ్మాయి ముందు బెంచీలో కూర్చుంటానంది. మార్కుల షీటు నేనే మళ్ళీ టైపు చేసుకున్నాను. అందులో ఒక గడికి ఇంకా పేరు పెట్టలేదు, భూపాలపల్లి పిల్లవాడి కోసం ఉంచిన గడి అది.

రెండో వారంలో ఒక గంట ఆయాకు ఇచ్చాను. ఆమె ఇప్పుడు పని మానేసి కొడుకు దగ్గర ఉంటోంది. గెస్టు లెక్చరర్‌కు ఇచ్చేదే ఆమెకూ ఇవ్వాలని కాలేజీ వాళ్ళతో మాట్లాడి ఒప్పించాను. నిన్న ఇంటికెళ్ళి చెబితే మొదట నమ్మలేదు. తర్వాత చాలాసేపు ఆలోచించి అడిగింది.

“గంటసేపు ఏం చెప్పాలె బిడ్డా? నాకు తెలిసింది నాలుగు మాటలే గదా.”